మెడ మాంసం ఎవరి వాటా

మాంసం పంచే రోజున రేయినో గోడ వైపు తిరిగి నిలబడతాడు. ఊరి వేటగాళ్ళు అతనికి ఇచ్చిన పెద్దరికం అదొక్కటే. గుర్రాన్ని మించిన అడవి కణుజును కొట్టి, తోలు తీసి, చావిట్లో వేలాడదీసి, ఆరాక ముక్కలు కొట్టి, పైన్ కొమ్మల మీద కుప్పలు పెడతారు. వేట దళానికి పెద్ద కలెర్వో. అతను ఒక కుప్పను కర్రతో తట్టి "ఇది ఎవరిది?" అంటాడు. రేయినో వెనక్కి చూడకుండా ఒక పేరు చెబుతాడు. ఆ పేరు గలవాడు ఆ కుప్ప ఎత్తుకుపోతాడు. వెన్న లాంటి వీపు మాంసం వచ్చినా, చెప్పు అట్ట లాంటి మెడ వచ్చినా ఎవరూ మారుమాట అనకూడదు.

రేయినో నోట్లో నాలుక లేని మనిషి. అలాంటివాడు మోసం చెయ్యడని ఊరి నమ్మకం. నిజానికి అతనికి తెలుస్తూనే ఉంటుంది. మెత్తని మాంసం మీద కర్ర పడితే చప్పుడుండదు. మెడా కాలి పిక్కలూ ఉన్న కుప్పలో ఎముకలెక్కువ, కర్ర టక్కుమంటుంది. ఆ చప్పుడు ఇన్నేళ్ళూ విన్నాడు, విననట్టే ఉన్నాడు. నోటికి వచ్చిన పేరు చెప్పాడు.

ఆ ఏడు మాత్రం అలా జరగలేదు.

గోడ వైపు తిరగబోతూ ఇల్మరి చేతులు చూశాడు. ఇల్మరి పక్క ఇంటివాడు, తాపీపని చేస్తాడు, పెళ్ళాం పోయిన మనిషి. అతని చేతులకు కొత్త ఉన్ని తొడుగులున్నాయి. బూడిద రంగు ఉన్ని, మణికట్టు దగ్గర ఎర్ర అంచు, అంచులో కోడి అడుగుల్లాంటి అల్లిక. ఆ అల్లిక ఊళ్ళో ఒక్కరికే వచ్చు. రేయినో పెళ్ళాం హిల్కాకు. అలాంటి తొడుగులే రేయినో చేతులకూ ఉన్నాయి, కాకపోతే పాతవి. కుడి బొటనవేలు చిరిగితే హిల్కా నీలం దారంతో కుట్టింది, బూడిద రంగు దారం అయిపోయిందని.

"బూడిద రంగు అయిపోయిందట," అనుకున్నాడు రేయినో గోడను చూస్తూ. ఎక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసింది.

కలెర్వో కర్ర తట్టాడు. టక్కుమంది.

"ఇది ఎవరిది?"

"ఇల్మరిది," అన్నాడు రేయినో.

వెనక నవ్వులు వినబడ్డాయి. "పళ్ళు గట్టివేనా ఇల్మరీ? నీ సుత్తి కూడా భోజనానికి పిలువు," అన్నాడొకడు. రేయినో కడుపు చల్లబడింది. మూడేళ్ళలో ఎన్నడూ అంత చల్లబడలేదు.

మూడేళ్ళ కిందట రేయినో తన ఇంట్లో పెద్ద పొయ్యి పగలగొట్టాడు. నాలుగు మెట్ల ఎత్తు, గదిలో నాలుగో వంతు దానికే సరిపోయేది. రొట్టెలు దానిలోనే, చలికాలం నిద్ర దాని పైనే. కలప అమ్మి కరెంటు పొయ్యి తెచ్చాడు. ఊళ్ళో అదే మొదటిది, చూడటానికి జనం వచ్చారు. హిల్కా వద్దనలేదు, సరేననలేదు. ఇటుకలు ఆవిరి స్నానాల గది సౌనా వెనక కుప్ప పోస్తుంటే ఇల్మరి వచ్చి ఒక ఇటుక చేతిలోకి తీసుకున్నాడు. "మా నాన్న కట్టినది ఇది," అన్నాడు. ఇటుకను మళ్ళీ కుప్ప మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఇంకేమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం రేయినోకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కరెంటు పొయ్యిలో నల్ల రొట్టె పైన మాడింది, లోపల పచ్చిగా ఉండిపోయింది. ఒక వారం, రెండు వారాలు చూసి హిల్కా గొణిగింది. రేయినో విసుగ్గా "అంత కావాలంటే ఇల్మరి పొయ్యికి పో," అన్నాడు. ఆవిడ పోయింది. ఆ వారం నుంచి ప్రతి శనివారం పిండి తొట్టి చంకన పెట్టుకుని పోతూనే ఉంది. అన్న మాట రేయినోదే. వెనక్కి తీసుకునే దారి లేదు.

పోతే పోయింది, రొట్టెలు తెస్తుంది కదా అనుకునేవాడు. కానీ ఒక శనివారం కంచె బాగుచేస్తుంటే ఇల్మరి ఇంట్లోంచి నవ్వు వినబడింది. ఎవరో ఆడమనిషి పగలబడి నవ్వుతోంది. ఎవరబ్బా అని చెవి పెట్టాడు. హిల్కా. తన ఇంట్లో ఆవిడ అలా నవ్వి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు. అసలు నవ్విందో లేదో కూడా. సుత్తి కంచె మీద వెయ్యబోయి వేలి మీద వేసుకున్నాడు. కుక్క ముస్తి కూడా శనివారం వస్తే ఆవిడ వెంటే అక్కడికి పోయి పడుకునేది. తను పిలిస్తే ఒక కన్ను తెరిచి మళ్ళీ మూసేది.

అదీ సంగతి. ఇప్పుడు తొడుగులు కూడా.

పంపకం అయ్యాక రేయినో తిరిగి చూశాడు. ఇల్మరి మెడ ముక్కను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నిలబడ్డాడు. ముఖం వెలిగిపోతోంది.

"నాకిదే కావాలనుకున్నా," అన్నాడు. "కలెర్వో, ఒక మాట. విందుకు ఈ ఏడు నీ చారు వద్దు."

వేటంతా ముగిశాక, ఎవరి అడవుల్లో తిరిగారో ఆ భూముల వాళ్ళకు దళం విందు పెట్టాలి. ఏటా కలెర్వో పెద్ద ఇనప కాగులో చారు కాచేవాడు.

"నా చారుకేం వచ్చింది?" అన్నాడు కలెర్వో.

"ఏం రాలేదు. ముక్క దొరకాలంటే ఈత రావాలి, అంతే. ఈ మెడా, ఈ పిక్కలూ నా పొయ్యిలో పెడతా. రొట్టెలయ్యాక ఆ దిగే వేడిలో రాత్రంతా ఉంటే చెంచాతో తినొచ్చు. నా వల్ల కాదులే, హిల్కా చేస్తుంది. ఏం రేయినో, పంపుతావా?"

అందరూ రేయినో వైపు చూశారు. తాను తవ్విన గోతిలో తానే పడ్డాడు. పడ్డవాడు పైకి చూసినట్టే చూశాడు.

"పొయ్యి నీది. చెయ్యి ఆవిడది. నన్నెందుకు అడగడం?" అన్నాడు.

"అయితే సరే అన్నట్టే," అని కలెర్వో కర్ర మూల పెట్టేశాడు.

రేయినోకు వీపు మాంసం వచ్చింది. ఆ సాయంత్రం హిల్కా కరెంటు పొయ్యి మీద వెన్న వేసి ముక్కలు అటొకసారి ఇటొకసారి తిప్పి తీసేసింది. కొత్త పెళ్ళికొడుక్కి పెట్టేంత మెత్తగా ఉంది. ఇద్దరూ తిన్నారు.

"బాగుంది," అన్నాడు.

"మెత్తని ముక్క ఎవరు వండినా బాగుంటుంది," అంది హిల్కా. తనలో తానే అన్నట్టు, "మెడకు ఉల్లిపాయలు ఎక్కువ పడతాయి. క్యారట్ కూడా. మూలగ ఎముకలు అడుగున పెట్టాలి," అంది.

ఆవిడ కళ్ళు కిటికీలోంచి పక్క ఇంటి పొగగొట్టం మీద ఉన్నాయి. రేయినో ముక్క మింగాడు. మెత్తనిదే, అయినా ఇంకో ముక్క తీసుకోలేదు.

విందు శనివారం మధ్యాహ్నానికి. శుక్రవారం తెల్లవారగానే హిల్కా ఇల్మరి ఇంటికి వెళ్ళిపోయింది. రేయినో సౌనా దగ్గర కట్టెలు చీలుస్తూ చూశాడు. ముందు నల్లగా, తర్వాత తెల్లగా, తర్వాత కనబడీ కనబడకుండా వేడి గాలి ఆడినట్టు పొగ వచ్చింది. పొయ్యి ఎర్రబడిందన్నమాట. నిప్పులు పక్కకు లాగారన్నమాట. రొట్టెల వాసన కంచె దాటింది. మధ్యాహ్నానికి పొగ ఆగిపోయింది. కుండలు లోపలికి వెళ్ళాయి, పొయ్యి తలుపు మూశారు, పొగగొట్టంలో ఇనపరేకు లోపలికి తోశారు. ఇక తెల్లారే దాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. తన ఇంట్లోనూ అలాగే జరిగేది. ఆ రేకు ముందుగా తోస్తే విషపు పొగ ఇంట్లో వాళ్ళను చంపుతుంది, ఆలస్యంగా తోస్తే వేడి ఆకాశానికి పోతుంది. సమయం హిల్కాకే తెలుసు. గోడ మీద అరచెయ్యి ఆనించి తేల్చేది. ఇప్పుడు ఆ అరచెయ్యి ఇల్మరి గోడ మీద పెట్టి ఉంటుంది.

కాసేపటికి ఇద్దరూ బయటికి వచ్చారు. విందుకు బల్లలు వెయ్యడానికి బడికి పోతున్నారు. ఇల్మరి ఏదో అన్నాడు. హిల్కా మఫ్లర్‌లోంచి నవ్వింది. మంచులో పక్కపక్కనే నడిచిపోయారు. దారి ఇరుకు కాదు, ఎడంగా నడవడానికి చోటుంది.

రేయినో గొడ్డలి దించాడు. ముస్తి ముందు నడిచింది, దారి దానికి బాగా తెలుసు.

ఇల్మరి ఇంటికి తాళం ఉండదు, ఇంట్లో ఎవరూ లేరని గుర్తుగా చీపురు తలుపుకి అడ్డం పెడతాడు. చీపురు పక్కకు పెట్టి లోపలికి వెళ్ళాడు. ఏం చూద్దామని వచ్చాడో అతనికే తెలియదు. వెచ్చదనం ముఖానికి తగిలింది. తన ఇంట్లో మూడేళ్ళుగా లేని వెచ్చదనం, ఎముకల్లోకి దిగేది. ముస్తి పొయ్యి ముందు చాప మీద గుండ్రంగా చుట్టుకుంది. ఆ చాపలో దాని ఆకారం అచ్చు పడి ఉంది.

తలుపు పక్కన ఇల్మరి కోటు తగిలించుకునే ఎత్తైన మేకు. దాని కింద, ఆడమనిషి చెయ్యి అందే ఎత్తులో, ఇంకో మేకు. దానికి హిల్కా ఏప్రన్. బల్ల మీద రెండు కాఫీ కప్పులు. ఒకటి చెవి విరిగినది, అది ఇల్మరి తాగినదై ఉంటుంది. మంచి కప్పు ఆవిడకు ఇచ్చాడు.

రేయినో చాలాసేపు ఆ మేకును చూశాడు. కప్పు తీసెయ్యొచ్చు, ఏప్రన్ తీసెయ్యొచ్చు. మేకు కొట్టారంటే రేపు కూడా ఉంది, ఎల్లుండి కూడా ఉంది.

పొయ్యి తలుపు తీశాడు. వేడి మీద పడింది. మట్టి కుండలు వరసగా ఉన్నాయి. దగ్గరి కుండ మూత ఎత్తి కత్తి మొనతో గుచ్చాడు. కత్తి దిగలేదు. నరాలు తాళ్ళలా బిగుసుకున్నాయి. ఇంకా సగం పూట కూడా కాలేదు మరి. పక్కన పులుసు మాత్రం అప్పుడే వాసన పట్టింది. ఉల్లి, మిరియాల గింజలు, ఎండు మసాలా ఆకు. పెళ్ళైన కొత్తలో తన ఇంట్లో వచ్చిన వాసన అదే. దాన్ని ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టారనిపించింది.

"గట్టిగానే ఉండు," అన్నాడు మాంసంతో. "ఊరంతా నమలనీ."

పొయ్యి తలుపు మూశాడు. పైకి చెయ్యి చాచి ఇనపరేకు పిడి పట్టుకుని జానెడు బయటికి లాగాడు. పొగగొట్టం ఊపిరి పీల్చినట్టు చప్పుడు చేసింది. ఇక రాత్రంతా వేడి పైకి పోతుంది. చీపురు ఎప్పటిలాగే అడ్డం పెట్టి ఇంటికి వచ్చాడు.

సాయంత్రం హిల్కా వచ్చింది. అతని చేతులు చూసింది.

"తొడుగులేవి?"

అప్పుడు చూసుకున్నాడు. లేవు. "పోయాయి."

"ఎక్కడ?"

"అడవిలో."

"కట్టెలు సౌనా దగ్గర కదా చీల్చావు," అని, సమాధానం కోసం చూడకుండా పడుకోవడానికి వెళ్ళింది.

శనివారం పొద్దున్నే ఇల్మరి వచ్చి గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డాడు. రేయినోను చూడలేదు, హిల్కాను చూశాడు.

"కుండలు చల్లారిపోయాయి," అన్నాడు. "మాంసం ఉడకలేదు."

హిల్కా తలకు గుడ్డ కూడా కట్టుకోకుండా పరిగెత్తింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి రేయినోతో, "కట్టెలు పట్రా. భూర్జ చెట్టువి, సన్నగా చీల్చినవి," అంది.

రేయినో మంచు మీద లాగే జారుడుబండి నిండా కట్టెలు వేసుకుని లాక్కెళ్ళాడు. తాడు వట్టి చేతుల్ని కోసింది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల కలెర్వో పెళ్ళాం సైమా గొంతు వినబడుతోంది. కుండలు బడికి చేర్చడానికి వచ్చినట్టుంది.

"కరెంటు పొయ్యి మహారాణివి, నీకీ పాత పొయ్యిలతో ఏం పని చెప్పు. చేతి లెక్క ఒకసారి పోయిందంటే మళ్ళీ రాదమ్మా. మా ఆయన చారే నయం. నీళ్ళగా ఉన్నా ఉడికేది."

"రేకు నేను మూశాను," అంది హిల్కా. "నా చేత్తో మూశాను. మూసి గోడ చూశాను."

"మూస్తే తెరుచుకుంటుందా? దెయ్యం తెరిచిందా?"

"నేనే," అన్నాడు ఇల్మరి. "నిన్న బూడిద ఎత్తుతూ చెయ్యి తగిలించి ఉంటాను. నాదే తప్పు."

రేయినో తలుపు తోసుకుని వచ్చి కట్టెలు దింపాడు. హిల్కా పొయ్యి ముందు మోకాళ్ళ మీద ఉంది. కుండలు నేల మీద ఉన్నాయి, పైన కొవ్వు తెల్లగా పేరుకుంది. ఆవిడ ఏడవడం లేదు. అరచేతుల్ని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని చూసుకుంటోంది, అవి ఎవరివో అన్నట్టు. ఊరంతా నమలాలనుకున్నాడు. ఆ అవమానం ఆవిడ ఒక్కతే నమలాల్సి వస్తుందని అనుకోలేదు.

అయినా అతనికి ముందు తగిలింది అది కాదు. ఇల్మరి ఆవిడ తప్పు నెత్తిన వేసుకోవడం తగిలింది. అది కూడా తన కంటే ముందు వాడే చేశాడు.

చేతులు కొంకర్లు పోయాయి. వేడి కోసం పొయ్యి గట్టు మీదికి చాచాడు. అక్కడ తొడుగులున్నాయి.

బూడిద రంగు. ఎర్ర అంచు. బొటనవేలికి నీలం దారం.

అప్పుడు అర్థమైంది. నిన్న లోపలికి రాగానే ఆ చేతులు తమంతట తామే తొడుగులు విప్పి పొయ్యి గట్టు మీద ఆరబెట్టాయి. పుట్టినప్పటి నుంచి చలికాలంలో ఇంటికి వచ్చిన ప్రతిసారీ చేసిన పని. సొంత ఇంట్లో గట్టు లేక మూడేళ్ళు ఊరుకున్నాయి. వేడి గట్టు కనబడగానే అడగకుండా చేసేశాయి.

సైమా కూడా అటే చూసింది. "ఎవరివవి?"

"నావి," అన్నాడు ఇల్మరి వెంటనే.

ఇల్మరి తొడుగులు అతని కోటు జేబులో ఉన్నాయి. ఎర్ర అంచు బయటికి కనబడుతోంది. సైమా ఉన్నచోటికి కనబడదు. రేయినోకు కనబడుతుంది. ఇల్మరి అతని ముఖంలోకి చూసి చూపు తిప్పుకున్నాడు. పొద్దున్నే చూసి ఉంటాడు. తెలిసే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తెలిసే "నాదే తప్పు" అన్నాడు.

ఊరుకుంటే చాలు. ఊరుకోవడం రేయినోకు చేతనైన ఒకే విద్య. కానీ ఊరుకుంటే ఈ మనిషికి జీవితాంతం లొంగి ఉండాలి. పైగా ఆ తొడుగులు వాడివైపోతాయి. ఉన్న కొత్తవి కాక ఇవి కూడా.

"నావి," అన్నాడు రేయినో.

ముస్తి తోక ఒకసారి నేలకు కొట్టింది.

"తెలుసు," అంది హిల్కా. "బొటనవేలు నేనే కుట్టాను."

సైమా నోరు తెరిచి, "అంటే నిన్న నువ్వు..." అంది.

"సైమా, విందు సాయంత్రానికని చెప్పు పో. అంతదాకా కాఫీ, తీపి రొట్టె పెట్టండి. రేకు సంగతి మా ఇంటి సంగతి," అంది హిల్కా.

సైమా వెళ్ళింది. వెళ్ళిన తీరు చూస్తే ఆ సంగతి ఇక ఊరి సంగతే.

హిల్కా లేచి కట్టెలు పొయ్యిలో పేర్చింది. నిప్పు అంటించాక వెనక్కి చూడకుండా అడిగింది. "ఏం చూద్దామని వచ్చావు?"

రేయినో నేల మీద రాలిన బెరడు ముక్కలు ఏరాడు.

"ఏం చూశావు మరి?"

"మేకు."

"మేకా?"

"ఏప్రన్ తగిలించినది. కింది మేకు."

హిల్కా అతని వైపు తిరిగింది. "మన ఇంట్లో ఒక్క మేకు కిందకి కొట్టమని ఎన్నేళ్ళు అడిగాను నిన్ను? ముక్కాలిపీట ఎక్కి తగిలించుకుంటున్నాను ఇప్పటికీ. ఇక్కడ ఒకసారి అన్నాను, కొట్టాడు."

"తొడుగులు కూడా అల్లావు."

"ఈ మనిషి కట్టెలు వారం వారం తగలేస్తున్నాను. నువ్వు ఒక మోపైనా తెచ్చి పడేశావా? అద్దె అనుకో."

రేయినో ఇల్మరిని చూశాడు. అద్దె అన్న మాట దగ్గర ఇల్మరి ముఖంలో ఏదో ఆరిపోయింది. ఊదితే దీపం ఆరినట్టు కాదు, రేకు లాగితే వేడి పోయినట్టు, మెల్లగా. రేయినో అనుమానం ఉత్తదేం కాదు. సగం నిజమే. ఆ సగం ఇల్మరి లోపల ఉంది. హిల్కాకు తెలుసో తెలియదో మాత్రం రేయినో కనిపెట్టలేకపోయాడు.

ఆ రోజు ముగ్గురూ ఆ గదిలోనే గడిపారు. రేయినో చీల్చాడు, ఇల్మరి అందించాడు, హిల్కా పేర్చింది. నిప్పులు లాగాక ఆవిడ గోడ మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు ఉంచింది, నిన్నటి చెయ్యి మీద నమ్మకం పోయినట్టు. "ఇప్పుడు," అంది. ఇల్మరి రేకు వైపు చెయ్యి ఎత్తి, ఆగి, దించేశాడు. రేయినో ముందుకు వచ్చి రేకు లోపలికి తోశాడు.

చీకటి పడ్డాక బడిలో కుండలు విప్పారు. మెడ మెడలా లేదు. చెంచా ఆనిస్తే విడిపోయింది. బిగుసుకున్న నరాలన్నీ కరిగి పులుసులో కలిసి పెదవులు అతుక్కునేట్టు చేశాయి. మూలగ కోసం ముసలివాళ్ళు ఎముకలు రొట్టె మీద తట్టుకున్నారు. ఎర్ర అడవి పండ్ల పచ్చడి మూడుసార్లు వడ్డించారు.

"రెండుసార్లు పొయ్యికెక్కిన మెడ ఇది," అన్నాడు కలెర్వో, పెళ్ళాం చెవిలో వేసినది అప్పటికే నమిలి. "పై ఏడు కూడా రేయినోను పిలిచి రేకు లాగిద్దాం."

బల్ల చుట్టూ నవ్వారు. రేయినో చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని తిన్నాడు. కొంచెం దూరంలో హిల్కా కూడా నవ్వుతోంది. పగలబడి కాదు, పెదవులతో. అయినా అతని మీద నవ్వింది.

మర్నాటి నుంచి సౌనా వెనక టకటక చప్పుడు మొదలైంది. రేయినో మంచు తవ్వి ఇటుకలు తీసి పాత సున్నం గీకుతున్నాడు. గీకి వరసగా పేర్చాడు. అన్నీ అయ్యాక కంచె దాటి ఇల్మరి ఇంటికి వెళ్ళాడు. ఈసారి తలుపు కొట్టాడు.

"ఇటుకలున్నాయి," అన్నాడు.

ఇల్మరి కిటికీలోంచి చూశాడు. "విన్నాను చప్పుడు." కాఫీ పోశాడు. చెవి విరిగిన కప్పు రేయినోకు ఇచ్చాడు. "పునాది ఉందా?"

"ఉంది."

"గడ్డకట్టిన మట్టిని ఇంట్లో పెట్టి కరిగించుకోవచ్చు. నాకు చలికాలం పనేం లేదు." కప్పును బల్ల మీద అటూ ఇటూ తిప్పాడు. "మీ ఇంట్లో పొయ్యి వస్తే ఇక శనివారాలు..." అని, ఆ మాట అక్కడే వదిలేశాడు. రేయినో దాన్ని ఎత్తుకోలేదు.

ఇల్మరి కట్టాడు, తండ్రి కట్టినట్టే. గట్టు మాత్రం కొంచెం వెడల్పు పెట్టాడు. కరెంటు పొయ్యి వరండాలోకి పోయింది, దాని మీద ముస్తి గిన్నె పెట్టారు. రేయినో గోడకు కిందుగా ఒక మేకు కొట్టాడు. హిల్కా ఏప్రన్ తగిలించి, మేకును వేలితో కదిపి చూసింది. గట్టిగానే ఉంది.

శనివారం వచ్చింది. హిల్కా తన ఇంట్లో రొట్టెలు కాల్చింది. నల్లగా, గుండ్రంగా, తడితే డొల్లగా మోగేట్టు వచ్చాయి. ఇంకో శనివారం వచ్చింది. రేయినో బల్ల దగ్గర కూర్చుని ఎదురుచూశాడు. ఇల్లు వెచ్చగా ఉంది, వాసన ఉంది, ఆవిడ ఉంది. తొడుగులు గట్టు మీద ఆరుతున్నాయి. నవ్వు మాత్రం రాలేదు.

ఆవిడ పిండి కలిపింది, కాల్చింది, తుడిచింది. ఒకసారి ఏదో గుర్తొచ్చినట్టు నోరు తెరిచి, బల్ల దగ్గర ఎవరున్నారో చూసి మూసేసింది. రేయినో ఏదైనా చెబుదామని వెతికాడు. చెప్పదగ్గది ఏదీ దొరకలేదు. ఆ పక్క ఇంటి పొగగొట్టంలోంచి ఒంటి మనిషి కాఫీకి సరిపడా పొగ వస్తోంది.

మూడో శనివారం మధ్యాహ్నం అతను కొట్టు గదిలోకి వెళ్ళి, మంచుకు గడ్డకట్టిన వీపు మాంసం ముక్క ఆఖరిది తీసుకుని కంచె దాటాడు.

"ఇది తీసుకో," అన్నాడు ఇల్మరితో. "నీ దగ్గర పిక్క ఒకటి మిగిలింది కదా. అదివ్వు."

"వీపు ఇచ్చి పిక్క అడుగుతావా? మతి పోయిందా?"

"మెత్తని ముక్క ఎవరు వండినా బాగుంటుంది."

ఇల్మరి వెళ్ళి పిక్క తెచ్చాడు. రేయినో తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. తలుపు పిడి పట్టుకుని, పిడితో చెప్పినట్టు చెప్పాడు.

"రొట్టెలు తీశాక ఇది లోపల పెడుతుంది. కాఫీ కాస్తోంది. రా."

"నేనా?"

"ముస్తి నీ కోసం చూస్తోంది."

ఇద్దరూ వచ్చారు, ఒకడి వెనక ఒకడు. ఇల్మరి గుమ్మంలో మంచు దులుపుకుని, లోపలికి రాగానే తొడుగులు విప్పి గట్టు మీద పెట్టాడు. తను కట్టిన గట్టే, వెడల్పు అతనే పెట్టాడు. హిల్కా మంచి కప్పు తీసింది. అతను సైమా గురించి ఏదో అన్నాడు, పెద్ద సంగతేం కాదు. హిల్కా నవ్వింది. కంచె అవతల నుంచి విన్న నవ్వు, ఇప్పుడు చెయ్యి చాపితే అందేంత దగ్గర.

రేయినో మూల కూర్చుని విన్నాడు. కడుపులో అదే మంట, ఏం తగ్గలేదు. కాసేపు కూర్చుని లేచాడు. గట్టు దగ్గరికి వెళ్ళాడు. రెండు జతలు పక్కపక్కన ఉన్నాయి, కొత్తదీ పాతదీ. తనవి రెండో వైపు ఆరేట్టు తిరగేశాడు. ఇల్మరివి అలాగే ఉంచాడు. పొయ్యి తలుపు సందు చూశాడు, ఇనపరేకు పిడి తడిమి చూశాడు. మూసే ఉంది.

మళ్ళీ గట్టు దగ్గరికి వచ్చి, ఇల్మరివి కూడా తిరగేశాడు.